చూపు లేకుండా ప్రపంచం చుట్టిన జేమ్స్ హోల్మన్



అక్టోబర్ 15 అనగానే మీ పిల్లలకు గుర్తొచ్చేది అబ్దుల్ కలాం గారి పుట్టినరోజు. ఆ రోజు కోసం చార్టులు, రాకెట్ బొమ్మలు తయారు చేయడంలో మీరూ ఓ చెయ్యి వేసే ఉంటారు. అదే తేదీకి ఇంకో రెండు విశేషాలున్నాయి. ఒకటి, ఆ రోజు తెల్లకర్ర దినోత్సవం. చూపు లేనివారు చేతికర్ర సాయంతో తమంతట తాము తిరగగలరని, వారికి దారి ఇవ్వాల్సిన బాధ్యత మనదని గుర్తుచేసే రోజు. రెండోది చాలామందికి తెలియదు. రెండు కళ్లూ కనపడకపోయినా భూగోళాన్ని చుట్టి వచ్చిన జేమ్స్ హోల్మన్ పుట్టింది కూడా అక్టోబర్ 15నే. సంవత్సరం 1786. తేదీలు కలవడం యాదృచ్ఛికమే అయినా, ఈ నెల మీతో పంచుకోవడానికి అంతకన్నా మంచి జీవితకథ మాకు కనిపించలేదు.

ఆయన కాలంలో ఇంగ్లండ్‌లో అంధ యాత్రికుడు అంటే చాలు, ఎవరో అందరికీ తెలిసేది. తర్వాత లోకం మరిచిపోయింది. పిల్లలను పెంచుతున్న మనం మాత్రం ఆయన కథ తెలుసుకోవాలి. ఎందుకో చివరికి మీకే అర్థమవుతుంది.

పన్నెండేళ్లకే సముద్రం మీదికి

హోల్మన్‌ది ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ పట్టణం. తండ్రి మందులు తయారు చేసి అమ్మేవాడు. కొడుక్కి మాత్రం చిన్నప్పటి నుంచీ దూరదేశాలు చూడాలన్న ఆశ. 1798లో, అంటే మన లెక్కన ఏడో తరగతి వయసులో, బ్రిటిష్ నౌకాదళంలో చేరాడు. ఎండకు, వానకు, చలిగాలికి ఓడ డెక్ మీద నిలబడి పనిచేశాడు. 1807లో లెఫ్టినెంట్ అయ్యాడు.

ఆ చలిగాలులే ఆయన కీళ్లను పట్టేశాయి. 1810లో అమెరికా తీరంలో గెరియర్ అనే యుద్ధనౌకలో ఉండగా జబ్బు ముదిరి, పని చేయలేని స్థితి వచ్చింది. ఒడ్డుకు చేర్చి వైద్యం చేయించారు. నొప్పులు ఒక పక్క తగ్గుతూ ఉండగానే కళ్ల మీద దెబ్బ పడింది. 25 ఏళ్ల వయసుకు చూపు పూర్తిగా పోయింది.

ఒక్కసారి ఆలోచించండి. బీటెక్ చదివి, ఉద్యోగంలో చేరి, మొదటి ప్రమోషన్ అందుకున్న కొడుకు. ఏడాది తిరక్కుండానే లోకమంతా చీకటి. ఆ ఇంట్లో ఎవరైనా ముందు ఏమనుకుంటారు? ఇక నువ్వు ఎక్కడికీ వెళ్లొద్దు, మేం చూసుకుంటాం అనే కదా. హోల్మన్ విషయంలోనూ అదే జరిగింది. కాకపోతే ఆ మాట అన్నది ప్రభుత్వం.

ఇల్లు దొరికింది, తలుపు మూసుకుంది

అప్పట్లో చూపు పోయినవాళ్ల బతుకు దుర్భరం. బ్రెయిలీ లిపి ఇంకా పుట్టలేదు. లూయీ బ్రెయిలీ అప్పటికి మూడేళ్ల పిల్లవాడు. అంధులకు బడులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. అడుక్కుని బతికేవాళ్లే ఎక్కువ. అలాంటి రోజుల్లో హోల్మన్‌కు ఒక ఆసరా దొరికింది. నౌకాదళంలో పనిచేసి ఆరోగ్యం చెడిన కొద్దిమంది లెఫ్టినెంట్ల కోసం విండ్సర్ కోట దగ్గర ఒక ధర్మసంస్థ ఉండేది. 1812లో ఆయనను అందులో చేర్చుకున్నారు. ఉండటానికి గది, జీవితాంతం భరణం. బదులుగా చేయాల్సింది, పెళ్లి చేసుకోకుండా అక్కడే ఉంటూ రోజూ రెండుపూటలా ప్రార్థనకు హాజరు కావడం.

బయటివాళ్లకు ఇది అదృష్టంలాగే కనిపించింది. హోల్మన్‌కు మాత్రం ఊపిరాడలేదు. గది నుంచి ప్రార్థన మందిరానికి, అక్కడి నుంచి మళ్లీ గదికి. ఆయన ఆరోగ్యం మరింత దిగజారింది. విచిత్రం ఏమిటంటే, అక్కడి నుంచి బయటపడి తిరిగినప్పుడల్లా ఆయన కోలుకునేవాడు. సెలవు తీసుకుని ఎడిన్‌బరో యూనివర్సిటీకి వెళ్లి వైద్యం, సాహిత్యం పాఠాలు విన్నాడు. చూడలేడు కాబట్టి విన్నదంతా జ్ఞాపకంలోనే పెట్టుకోవాలి. అలాగే పెట్టుకున్నాడు.

1819లో ఆరోగ్యం కోసం వెచ్చటి ప్రాంతానికి వెళ్లడం మంచిదని డాక్టర్లు సలహా ఇచ్చారు. సెలవు దొరికింది. 33 ఏళ్ల హోల్మన్ తోడు ఎవరూ లేకుండా ఫ్రాన్స్‌కు బయల్దేరాడు. ఫ్రెంచి భాష అంతంతమాత్రం. జేబులో డబ్బు కూడా అంతంతమాత్రమే.

పొన్నుకర్ర చెప్పిన దారి

మరి ఎలా తిరిగాడు? మీ పిల్లలు ముందు అడిగేది ఇదే.

ఆయన చేతిలో ఇనుప పొన్ను వేసిన మామూలు చేతికర్ర ఉండేది. దాన్ని నేల మీద టక్‌మని కొడితే వచ్చే చప్పుడును జాగ్రత్తగా వినేవాడు. ఎదురుగా గోడ ఉంటే చప్పుడు ఒకలా తిరిగొస్తుంది. సందు ఉంటే ఇంకోలా. ఖాళీ మైదానమైతే తిరిగి రానే రాదు. మీరూ ఇంట్లో చేసి చూడొచ్చు. కళ్లు మూసుకుని సామాన్లున్న గదిలో ఒకసారి, ఖాళీ గదిలో ఒకసారి చప్పట్లు కొట్టండి. తేడా తెలుస్తుంది. గబ్బిలం రాత్రిపూట ఎగిరేది ఈ సూత్రంతోనే. శబ్దాన్ని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి దారి చూసుకుంటుంది.

చెవితో పాటు ముక్కు, చర్మం, అరికాళ్లు అన్నీ పనిచేసేవి. గాలి ఎటు నుంచి వీస్తోంది, ఎండ ఏ చెంప మీద పడుతోంది, కాలి కింద రాయా మట్టా, ఇవన్నీ ఆయనకు గుర్తులే. గుర్రపు బండిలో కూర్చుని కూర్చుని విసుగొస్తే దిగి, బండికి కట్టిన తాడు చివర పట్టుకుని దాని వెనకే మైళ్లకు మైళ్లు నడిచేవాడు. ఆ నడక ఆయన వంటికి మందులా పనిచేసేది.

రాసుకోవడానికి ఆయన దగ్గర నాక్టోగ్రాఫ్ అనే చిన్న పరికరం ఉండేది. 1806లో ఇంగ్లండ్‌లో రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ పేటెంట్ తీసుకున్న వస్తువు అది. ఒక చట్రానికి అడ్డంగా తీగలు బిగించి ఉంటాయి. కింద తెల్ల కాగితం, దాని మీద కార్బన్ కాగితం. మొనదేలిన పుల్లతో తీగల మధ్య రాస్తూ పోతే వరుస తప్పకుండా అక్షరాలు పడతాయి. సిరా అక్కర్లేదు, వెలుతురూ అక్కర్లేదు. రాసింది మాత్రం తాను మళ్లీ చదువుకోలేడు. అయినా ఏ రోజు సంగతులు ఆ రోజు రాసి పెట్టుకున్నాడు. ఊరికి తిరిగొచ్చాక అవే పుస్తకాలయ్యాయి.

సైబీరియా మంచులో, ఆఫ్రికా ఎండలో

ఫ్రాన్స్ నుంచి ఇటలీ వెళ్లాడు. అక్కడ కొంతకాలం చెవులు వినపడని ఒక మిత్రుడితో కలిసి ప్రయాణం చేశాడు. ఒకరికి చూపు లేదు, ఒకరికి వినికిడి లేదు. ఒకరి లోటు ఒకరు తీర్చుకుంటూ హాయిగా తిరిగారు. 1821లో వెసూవియస్ అగ్నిపర్వతం ఎక్కాడు. అప్పుడది రగులుతూనే ఉంది. పాదాల కింద నేల వేడెక్కుతున్నా వెనక్కి తగ్గలేదు. స్విట్జర్లాండ్, జర్మనీ, హాలండ్ మీదుగా ఇంటికి చేరి 1822లో మొదటి పుస్తకం వేశాడు. అది బాగా అమ్ముడుపోయింది.

అదే ఏడాది అంతకన్నా పెద్ద ప్రయాణం మొదలుపెట్టాడు. రష్యా, సైబీరియా దాటి, అక్కడి నుంచి ముందుకు సాగి భూగోళాన్ని చుట్టి రావాలన్నది పథకం. మాస్కో నుంచి సుమారు 5000 కిలోమీటర్లు బండిలో కుదుపులు తింటూ ఇర్కుట్స్క్ దాకా వెళ్లాడు. అక్కడ కథ అడ్డం తిరిగింది. కళ్లు లేని మనిషి ఏ పనీ లేకుండా ఇంత దూరం ఎందుకొస్తాడు? గూఢచారి అయి ఉంటాడని రష్యా చక్రవర్తి మనుషులకు అనుమానం వచ్చింది. చూడలేనివాడిని గూఢచారి అనుకోవడం మనకు నవ్వు తెప్పించే మాటే. ఆయన మాత్రం నడిచలికాలంలో, కాపలా మధ్య, పోలండ్ సరిహద్దు దాకా వెనక్కి ప్రయాణించాల్సి వచ్చింది. అనుకున్న యాత్ర సగంలో ఆగింది.

మనలో ఎవరైనా అక్కడితో చాలనుకునేవాళ్లమే. హోల్మన్ ఆ అనుభవాన్ని కూడా పుస్తకంగా రాశాడు. 1826లో రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నికయ్యాడు. న్యూటన్ అధ్యక్షుడిగా ఉన్న సంస్థ అది. మరుసటి ఏడాదే మళ్లీ బయల్దేరాడు.

బానిసల వ్యాపారాన్ని అడ్డుకోవడానికి బ్రిటిష్ నౌకాదళం ఆఫ్రికా పక్కనున్న ఫెర్నాండో పో దీవిలో స్థావరం పెడుతుంటే ఆ ఓడలో వెళ్లాడు. ఆ దీవిలో ఒక నదికి ఆయన పేరు పెట్టారు. అక్కడి నుంచి బ్రెజిల్, దక్షిణాఫ్రికా, మారిషస్, సింహళం. మన భారతదేశానికీ వచ్చాడు. ఆ తర్వాత చైనా, ఆస్ట్రేలియా. 1832లో ఇంగ్లండ్ చేరేసరికి భూగోళం చుట్టడం పూర్తయింది. ఆ యాత్ర గురించి నాలుగు సంపుటాలు రాశాడు. హిందూ మహాసముద్ర దీవుల మొక్కల గురించి అందులో ఉన్న వివరాలను చార్లెస్ డార్విన్ తన పుస్తకంలో ప్రస్తావించాడు. చూపున్న శాస్త్రవేత్తకు చూపు లేని యాత్రికుడు ఆధారమయ్యాడన్నమాట.

జీవితం మొత్తం మీద ఆయన తిరిగిన దూరం రెండున్నర లక్షల మైళ్లని అంచనా. మన లెక్కలో నాలుగు లక్షల కిలోమీటర్లు. రైళ్లు అప్పుడప్పుడే పట్టాలెక్కుతున్న కాలం, విమానాల ఊసే లేని కాలం అది.

ఎదురైన ప్రశ్న

ఇంత తిరిగినా ఆయనను జీవితాంతం వెంటాడిన ప్రశ్న ఒకటుంది. కనపడనివాడికి ప్రయాణం దేనికి? చూడకుండా ఏం రాస్తాడు? సైబీరియా తిరిగొచ్చిన మరో బ్రిటిష్ యాత్రికుడు కూడా ఈ మాటే అని ఎగతాళి చేశాడు. హోల్మన్ సమాధానం సూటిగా ఉండేది. చూపున్నవాడు ఒక్కసారి చూసి, తెలిసిపోయిందనుకుని ముందుకు వెళ్లిపోతాడు. తనకు ఆ వీలు లేదు కాబట్టి ప్రతిదాన్నీ అడగాలి, తాకాలి, పదిమందితో మాట్లాడి తేల్చుకోవాలి. అందుకే తనకు తెలిసింది పైపైన తెలిసింది కాదన్నది ఆయన నమ్మకం.

ఇంతకన్నా పెద్ద అడ్డంకి విండ్సర్ నుంచే వచ్చింది. ప్రతి ప్రయాణానికీ సెలవు అడగాలి. సెలవు కావాలంటే అనారోగ్యం చూపించాలి. ఆరోగ్యం కోసం వెళ్లిన మనిషి సైబీరియా దాకా తిరిగొస్తే, మరి ప్రార్థనకు రావడానికేం అనే ప్రశ్న వస్తుంది. పోనుపోను సెలవు దొరకడం కష్టమైంది. ఆయనకు అన్నం పెట్టిన సంస్థకు ఆయన మీద కోపం ఉందనుకోనక్కర్లేదు. ఆయన క్షేమంగా ఉండాలనే అనుకుని ఉండొచ్చు. కానీ క్షేమం అంటే ఒక గదిలో కూర్చోవడమే అనుకున్నారు. మంచులోనూ, అగ్నిపర్వతం మీదా నెగ్గుకొచ్చిన మనిషికి ఆ మంచితనంతోనే ఎక్కువ పెనుగులాట అయింది.

1840ల్లో మరోసారి స్పెయిన్, పోర్చుగల్, సిరియా, టర్కీ తిరిగాడు. చివరి రోజుల్లో లండన్‌లో ఉంటూ తన ఆత్మకథ పూర్తిచేశాడు. అది పూర్తయిన వారానికే, 1857 జులై 29న కన్నుమూశాడు. ఆ పుస్తకం అచ్చుకు నోచుకోలేదు. అప్పటికే లోకం ఆయనను మరిచిపోవడం మొదలుపెట్టింది.

పొన్నుకర్ర నుంచి ఫోన్ దాకా

ఆయన పోయిన తర్వాత దారి చూపే సాధనాలు ఎంత మారాయో పిల్లలకు చెప్పండి. 1921లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో చూపు కోల్పోయిన ఒక ఫొటోగ్రాఫర్, వాహనాల వాళ్లకు కనపడాలని తన కర్రకు తెల్లరంగు వేసుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో కళ్లు పోగొట్టుకున్న సైనికుల కోసం అమెరికాలో రిచర్డ్ హూవర్ పొడవాటి తేలిక కర్రను, దాన్ని అడుగు అడుగుకూ కుడీ ఎడమా ఆడిస్తూ నడిచే పద్ధతిని రూపొందించాడు. ఇవాళ ప్రపంచమంతా నేర్పేది ఆ పద్ధతినే.

మామూలు కర్రకు ఒక లోపం ఉంది. మోకాలి కింద ఉన్నవే అది పట్టుకుంటుంది. ఛాతీ ఎత్తున ఉన్న లారీ వెనకభాగం, కిందికి వాలిన చెట్టుకొమ్మ దానికి తెలియవు. ఢిల్లీ ఐఐటీ వాళ్లు తయారు చేసి 2014లో విడుదల చేసిన స్మార్ట్‌కేన్ ఆ లోపం తీర్చడానికే. కర్రకు బిగించిన పరికరం మన చెవికి వినపడని శబ్ద తరంగాలను పంపుతుంది. ఎదురుగా ఏదైనా ఉంటే అవి తిరిగొస్తాయి, పిడి చేతిలో వణుకుతుంది. హోల్మన్ చెవితో చేసిన పనినే ఇప్పుడు యంత్రం చేస్తోంది.

ఇక ఫోన్. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపిస్తుంది, మలుపు ఎక్కడో తెలుగులోనే చెబుతుంది. ఉపగ్రహాల సాయంతో మనం ఎక్కడున్నామో కనిపెడుతుంది. కానీ ఆ లెక్కలో కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది. షాపు ముందు దాకా ఫోన్ తీసుకెళ్తుంది. షాపు ముందున్న మూత లేని మోరీని మాత్రం కర్రే పట్టుకోవాలి. అందుకే ఫోన్ వచ్చినా కర్ర పోలేదు. కర్రతో నడక నేర్పే శిక్షణ మన హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పునరావాస విభాగంలో ఉంది. మీకు తెలిసిన ఏ ఇంట్లోనైనా చూపు తక్కువైన పిల్లలుంటే ఈ మాట చేరవేయండి. ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మంచిది.

మన ఊళ్లలో నడిచి చూద్దాం

హోల్మన్ ఇవాళ మన వైపు వస్తే ఎలా దారి పట్టేవాడో ఊహించండి. మిర్యాలగూడలో మిల్లుల చప్పుడు, ఉడికిన వడ్ల వాసన, రైలు కూత. సూర్యాపేట బస్టాండ్‌లో హైదరాబాద్, ఖమ్మం అంటూ కండక్టర్ల కేకలు. కోదాడలో విజయవాడ హైవే మీద ఆగకుండా సాగే లారీల హోరు, సాయంత్రమైతే మిర్చి బజ్జీల నూనె వాసన. చెవీ ముక్కూ పనిచేస్తే మన మూడు ఊళ్లకూ మ్యాపు ఉన్నట్టే.

ఆయనను అడ్డుకునేది ఏమిటో కూడా ఊహించండి. నడిచే దారి మీద నిలిపిన బైకులు. దుకాణం మెట్లు దాటి రోడ్డెక్కిన సామాన్లు. కొంచెం మొహమాటంగానే చెబుతున్నాం, స్కూలు వదిలే టైములో మన గేటు ముందు కూడా అదే పరిస్థితి. కోట్లు పెట్టి తయారు చేసిన యంత్రం కన్నా, మీరు బండిని రెండడుగులు పక్కకు పెట్టడం ఆ మనిషికి ఎక్కువ మేలు చేస్తుంది.

మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా గురించి మీరు వినే ఉంటారు. ఆయన మీద 2024లో సినిమా కూడా వచ్చింది. పుట్టుకతో చూపు లేదు. పదో తరగతి తర్వాత సైన్స్ చదువుతానంటే నిబంధనలు ఒప్పుకోలేదు. కోర్టుకు వెళ్లి అనుమతి తెచ్చుకుని చదివి, అమెరికాలోని ఎంఐటీ దాకా వెళ్లాడు. హోల్మన్ తర్వాత రెండువందల ఏళ్లకు కూడా కష్టమైన మెట్టు అదే. చదవడం కన్నా ముందు, చదవనివ్వండి అని అడగాల్సి రావడం.

మీ ఇంట్లో పిల్లలందరికీ చూపు బాగానే ఉండొచ్చు. అయినా ఈ కథ మనదే. వీధి చివర కిరాణా షాపుకు పదేళ్ల పిల్లను ఒంటరిగా పంపడానికి మనకు భయం. స్కూల్ బస్ ఎక్కడుందో ఫోన్‌లో చూసుకుంటూనే ఉంటాం. ఆ జాగ్రత్త తప్పు కాదు. కానీ పట్టుకున్న చెయ్యి ఎప్పుడు వదలాలో కూడా మనమే నేర్చుకోవాలి.

ఈ నెల మూడు పనులు చేద్దాం. ఒకటి, గేటు దగ్గర నడిచే దారిని వదిలి బండి పెడదాం. రెండు, తెల్లకర్రతో ఎవరైనా కనిపిస్తే చెయ్యి పట్టి లాగకుండా, సాయం కావాలా అని ముందు అడుగుదాం. కావాలంటే మన మోచెయ్యి అందిద్దాం, వారు పట్టుకుని మన వెనక అరడుగు దూరంలో నడుస్తారు. మీరు చేసేది చూసి మీ పిల్లలు నేర్చుకుంటారు. మూడు, ఈ ఆదివారం మీ పిల్లలకు ఒక చిన్న పని చెప్పి, వారినే ఒంటరిగా పంపండి. రోడ్డు దాటేటప్పుడు ఏం చేయాలో ముందే నేర్పండి. కావాలంటే మొదటిసారి గుమ్మంలో నిలబడి చూడండి.

తిరిగొచ్చాక ఏం చూశారని అడగండి. ఏం విన్నారో కూడా అడగండి.